ఒకే ‘నగుమోము’, అయిదు గొంతులు: త్యాగరాజ కృతుల రికార్డింగులను పోల్చి వినడం ఎలా?

కర్ణాటక సంగీతం ఇష్టపడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఎక్కువసేపు నడిచే వాదన ఒకటుంది: ఈ కృతి ఎవరు బాగా పాడారు? ఒకరు బాలమురళి అంటారు, ఇంకొకరు జి.ఎన్.బి. (జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం) అంటారు, మూడో ఆయన ‘ముసిరి వారి ప్లేటు విన్నారా అసలు?’ అని అడ్డుపడతారు. గంట గడిచినా ఎవరూ ఒక్క పంక్తి కూడా పెట్టి వినిపించరు. ఆ వాదనను వినికిడిగా మార్చే పద్ధతి ఇది. సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. తాళం వేయడం వస్తే మంచిదే, రాకపోయినా ఫోనులో స్టాప్‌వాచ్ ఉంటే చాలు.

మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి 1847లో తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఎడిసన్ ఫోనోగ్రాఫు వచ్చింది 1877లో. మన దేశంలో గ్రామఫోను కంపెనీ రికార్డింగులు మొదలైంది 1902లో. అంటే స్వామి పాడగా నేరుగా విన్నవాళ్లెవరి గొంతూ మనకు ప్లేటు మీద మిగల్లేదు. శిష్యుల నోట, ఆ శిష్యుల శిష్యుల నోట వచ్చిన పాఠాంతరాలే (ఒకే పాటను పాడే వేర్వేరు తీరులే) మనకు చేరాయి. కాబట్టి ‘అసలు’ది ఒకటుందని, మిగతావి దానికి నకళ్లని అనుకుని వింటే మొదటి మెట్టు దగ్గరే దారి తప్పుతాం.

అన్నమయ్య సంకీర్తనలతో ఈ పని చేయాలంటే లెక్క వేరు. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఇవాళ మనం వినే వరసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ వంటి వారు కట్టినవి. అక్కడ పోల్చేది స్వరకర్తలను. త్యాగరాజు దగ్గర వరస కూడా ఆయనదే అని నమ్మి, అది ఎక్కడెక్కడ ఎలా మారిందో చూస్తాం.

మెట్టు 1: ఒక్క కృతి ఎంచుకోండి

‘త్యాగరాజ కృతులు ఎవరు బాగా పాడారు’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘నగుమోము గనలేని’ ఎవరెలా పాడారు అంటే ఉంది. ఎంచుకునే కృతిని మూడు తరాల వాళ్లయినా పాడి ఉండాలి, సాహిత్యం మీ నోటికి వచ్చి ఉండాలి, మరీ పెద్దదిగా ఉండకూడదు. ఆభేరి రాగం, ఆది తాళంలోని ‘నగుమోము’లో ఇవన్నీ ఉన్నాయి. పైగా ఇందులో ఒక స్వరం మీద తేలని తగాదా ఉంది. పోలికకు అంతకంటే మంచి సరుకు దొరకదు.

మెట్టు 2: సాహిత్యాన్ని చేత్తో రాసుకోండి

పల్లవి, అనుపల్లవి, చరణం కాగితం మీద రాసుకోండి. ఫోనులో చూస్తూ వింటే కళ్లు చదువుతాయి, చెవులు ఊరుకుంటాయి. రాసేటప్పుడు పదాలు విడదీసుకోండి. చరణంలో ‘గగనానికిలకు’ అన్నది ‘గగనానికి’, ‘ఇలకు’ అని రెండు మాటలు. పల్లవి చివరి ‘నీ’ కింద ఒక గీత గీయండి. ‘శ్రీ రఘువర నీ’ అని ఆగితే వాక్యం తెగిపోయినట్టుంటుంది. తిరిగి మొదటికి వెళ్లి ‘నీ నగుమోము’ అని కలిస్తేనే అర్థం పూర్తవుతుంది. చరణం చివర ‘త్యాగరాజనుత నీ’ కూడా అంతే. గాయకుడు ఆ ‘నీ’ని ఎలా పట్టుకుని మొదటికి వెళ్లాడన్నది తర్వాత మనకు పనికొస్తుంది.

మెట్టు 3: అయిదే రికార్డింగులు, అయిదు రకాలు

యూట్యూబులో వెతికితే వందలు వస్తాయి. అయిదు దాటితే చెవి కలగాపులగం అవుతుంది. ఆ అయిదు కూడా ఒకే రకంవి తీసుకోకండి.

మొదటిది 78 ఆర్‌పిఎం ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డు. ‘నగుమోము’కి అది ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్‌దే. ఈ కృతిని ఇంటింటికీ చేర్చింది ఆ ప్లేటే. రెండోది మన వైపు పాఠాంతరం కోసం మంగళంపల్లి బాలమురళీకృష్ణది. మూడోది సభలో జనం మధ్య పాడిన కచేరీ రికార్డింగు. మీకు నచ్చిన పాత విద్వాంసులెవరిదైనా సరే, నెరవు (ఒక పంక్తిని తీసుకుని అప్పటికప్పుడు రకరకాలుగా పెంచి పాడడం), స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడం) ఉన్నదైతే మేలు. నాలుగోది స్త్రీ గొంతు, వీలైతే ఇప్పుడు పాడుతున్న తరంలోంచి. అయిదోది వాద్యం: వీణో, వేణువో, నాదస్వరమో.

ఈ రకాలు ఎందుకంటే, రికార్డింగు ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి పాట రూపమే మారిపోతుంది. 78 ప్లేటుకు ఒక వైపు దాదాపు మూడు, మూడున్నర నిమిషాలు. అంతలో పాట సర్దాలంటే ఆలాపన క్లుప్తం చేయాలి, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) తగ్గించాలి, నెరవు జోలికి పోకూడదు. రేడియోలో కార్యక్రమానికి కేటాయించిన సమయం దాటకూడదు. సభలో ఆ ఇబ్బంది లేదు గానీ మైకు ఎక్కడ పెట్టారో దాన్ని బట్టి మృదంగం గాయకుణ్ణి మింగేస్తుంది. మూడు నిమిషాల ప్లేటును ఇరవై నిమిషాల కచేరీ పక్కన పెట్టి ‘ఈయన తొందరపడ్డారు’ అనడం అన్యాయం. ఆ మూడు నిమిషాల్లో ఏది ఉంచారు, ఏది వదిలేశారు అన్నది అడగాల్సిన ప్రశ్న. నా మటుకు నాకు మంచి ప్లేటును మించిన పాఠం లేదు. వదలాల్సి వచ్చినప్పుడే గాయకుడి మనసులో పాటకు ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది.

మెట్టు 4: వినే ముందు వేగం, శ్రుతి, సౌండు సరిచూడండి

దీన్ని అందరూ వదిలేస్తారు. సగం తప్పుడు తీర్పులు ఇక్కడే పుడతాయి.

పాత ప్లేట్లన్నీ కచ్చితంగా 78 వేగంతో రికార్డయినవి కావు. డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు వేగం కాస్త అటూ ఇటూ అయితే శ్రుతి కూడా మారుతుంది. వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం (కీబోర్డు మీద ఆనుకుని ఉన్న పక్క మెట్టు) పైకి పోతుంది. 3 నిమిషాల 20 సెకన్ల ప్లేటు అప్పుడు దాదాపు 11 సెకన్లు ముందే అయిపోతుంది. ఆ కాపీ విని ‘అబ్బ, ఏం చురుకు!’ అని మెచ్చుకుంటే ఆ మెప్పు యంత్రానికి చెందుతుంది.

ఎలా పట్టుకోవాలి? ఫోనులో తంబూరా యాప్ పెట్టుకుని ఆ రికార్డింగు షడ్జమం (‘స’) ఏ శ్రుతిలో ఉందో చూడండి. అదే గాయకుడివి, అదే కాలంవి, ఇంకో రెండు రికార్డింగులు చూడండి. రెండూ ఒక చోట ఉండి ఇదొక్కటే పైకి ఉంటే అనుమానించండి. గొంతు సన్నబడి, గమకాలు (స్వరాన్ని ఊపి పలికే చోట్లు) వణుకుతున్నట్టు వినిపించడం ఇంకో గుర్తు. అయితే పాతతరంలో మగవాళ్లు కూడా పై శ్రుతుల్లో పాడేవారు. కాబట్టి ‘ఇంత పైకి ఉందంటే తప్పే’ అని తేల్చేయకండి. పోల్చి చూశాకే మాట్లాడండి. వేగం సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఒక స్వరస్థానం కిందికి దించి వింటే కొన్ని ప్లేట్లలో గొంతుకు మళ్లీ కండ పడుతుంది.

ఇక సౌండు. రెండు రికార్డింగుల్లో కాస్త గట్టిగా వినిపించేది మన చెవికి బాగున్నట్టనిపిస్తుంది. ఇది మనిషి చెవి స్వభావం, ఎంత రసికులైనా తప్పించుకోలేరు. అయిదింటినీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఎక్కడా వాల్యూమ్ ముట్టుకోవాలనిపించనంతగా ముందే సర్దుకోండి. కొత్తగా మళ్లీ విడుదల చేసిన వాటిలో ప్రతిధ్వని కలిపేస్తారు. గొంతు గుడిలో మోగినట్టుంటే అది గాయకుడి ఘనత కాదు.

మెట్టు 5: మొదటి విడత నోట్సు లేకుండా, రెండో విడత పల్లవి మాత్రమే

మొదటిసారి అయిదూ పూర్తిగా వినండి. పెన్ను ముట్టుకోవద్దు. ఒకే రోజు వినాలని కూడా లేదు.

రెండో విడతలో పల్లవి వరకే, వరసగా అయిదూ. ఇక్కడ కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, కొలవండి. ఆది తాళం ఆవర్తనానికి ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నాలుగు ఆవర్తనాలకు పట్టిన సమయం చూసి నాలుగుతో భాగించండి. మొత్తం పాట నిడివి చూసి వేగం అంచనా వేయకండి. ఇరవై నిమిషాల పాట చురుగ్గా ఉండొచ్చు, నాలుగు నిమిషాలది నింపాదిగా ఉండొచ్చు.

తాళం రానివాళ్లు ‘నగుమోము’ అన్న మాట మొదటిసారి ఎత్తుకోవడానికీ రెండోసారి ఎత్తుకోవడానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. అంత కచ్చితం కాదు గానీ, పోల్చడానికి సరిపోతుంది.

మెట్టు 6: ధైవతం ఏది?

ఇక అసలు తగాదా. ఆభేరి ఆరోహణ స గ మ ప ని స. అవరోహణ స ని ద ప మ గ రి స. అంటే ధైవతం (‘ద’) కిందికి దిగేటప్పుడే వస్తుంది. ఈ ‘ద’లో పైది చతుశ్రుతి, కిందిది శుద్ధ. ఇవాళ ఎక్కువమంది పాడేది చతుశ్రుతి ధైవతంతో. అప్పుడది ఖరహరప్రియ రాగం నుంచి పుట్టినదై హిందుస్తానీ భీంపలాస్‌కు దగ్గరగా వినిపిస్తుంది. పాత లెక్కలో ఆభేరికి శుద్ధ ధైవతం. త్యాగరాజు కాలంవారే అయిన ముత్తుస్వామి దీక్షితుల కృతి ‘వీణాభేరీ’ అలాగే ఉంది. ముసిరి ప్లేటుతో ఊరూరా పాకిన రూపం చతుశ్రుతిది. ఇలా పాడేదాన్ని కర్ణాటక దేవగాంధారి అనాలని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. బాలమురళి శుద్ధ ధైవతం పట్టుకుని పాడారు.

తేడా వినడానికి ఫోనులో కీబోర్డు యాప్ తెరవండి. ‘సి’ తెల్లమెట్టును షడ్జమం అనుకుంటే ‘ఎ’ తెల్లమెట్టు చతుశ్రుతి ధైవతం, దాని ఎడమ పక్కన ఆనుకుని ఉన్న నల్లమెట్టు శుద్ధ ధైవతం. ని ద ప అని తెల్లమెట్టుతో నాలుగుసార్లు, నల్లమెట్టుతో నాలుగుసార్లు వాయించండి. చెవిలో రెండూ పాతుకున్నాక రికార్డింగుకు వెళ్లి, పాట నిషాదం (ని) నుంచి పంచమానికి (ప) దిగే చోట ఆగి వినండి. గమకం ఊపులో స్వరం రెండు స్థానాల మధ్య ఊగుతూ మోసం చేస్తుంది. అందుకే గొంతు కాస్త నిలిచిన చోటు వెతుక్కోండి, వేగంగా దొర్లిన చోట తీర్పు చెప్పకండి.

నా చెవికి చతుశ్రుతిలో ఆ జాలి బయటికి వచ్చి పిలుస్తున్నట్టుంటుంది. శుద్ధ ధైవతంలో అదే జాలి పంచమాన్ని పట్టుకుని వదలనట్టుంటుంది. ‘నా జాలి తెలిసి’ అన్న మాటకు రెండోదే దగ్గర అనిపిస్తుంది. కానీ పుట్టినప్పటి నుంచి మొదటిది విన్నవాళ్లకు రెండోది వేరే పాటలా ఉంటుంది, వాళ్లను తప్పుపట్టలేం. శాస్త్రం ప్రకారం ఏది సరి అన్న చర్చలోకి దూకేముందు రెండూ ఒక వారమైనా చెవిలో ఉండనివ్వండి.

మెట్టు 7: సంగతులు లెక్కపెట్టండి, ఆ తర్వాత లెక్క మరిచిపోండి

ఒకే పంక్తిని కొంచెం కొంచెం పెంచుతూ మళ్లీ మళ్లీ పాడే సంగతులు కృతికి వెన్నెముక అయ్యాయంటే అది త్యాగరాజు వల్లే. పాఠాంతరం మారితే వాటి సంఖ్య, క్రమం మారతాయి. పల్లవిలో ఎవరెన్ని పాడారో రాసుకోండి. తర్వాత ఒక్కో దానికీ ఈ ప్రశ్న వేయండి: ఈ సంగతి ముందు దానికి ఏం కలిపింది? ఒకటి ‘కనలేని’ మీద బరువు పెడుతుంది, ఇంకొకటి ‘జాలి’ని సాగదీస్తుంది. దేన్నీ పట్టించుకోకుండా మెట్లెక్కినట్టు ఎక్కిపోయే పాట కూడా దొరుకుతుంది. ఈ మధ్య కచేరీల్లో ఎక్కువ సంగతులు, ఎక్కువ వేగంతో పాడితే చప్పట్లు ఎక్కువ. నాలుగు సంగతులు ఊపిరి తీసుకుంటూ పాడినది నాకు ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మెట్టు 8: మాట

తెలుగువాళ్లం ఇక్కడ అతిగా పోతాం. అరవ గాయకులు పదం విరిచారని మొత్తం పాటనే కొట్టిపారేస్తాం. నూట యాభై ఏళ్లకు పైగా ఈ కృతులను బతికించి మన దాకా తెచ్చినవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాతృభాష కాని వాళ్లు, చెవితో విని నేర్చుకున్నవాళ్లు. ఉచ్చారణ మీ నోట్సులో ఒక గడి మాత్రమే. అయితే ఆ గడి ఖాళీగా వదలొద్దు.

పరీక్షకు చరణం తీసుకోండి. ‘ఖగరాజు నీయానతి విని వేగ చనలేడో, గగనానికిలకు బహుదూరంబనినాడో’. నీ ఆజ్ఞ విని గరుత్మంతుడు వేగంగా రాలేకపోయాడా, ఆకాశానికీ భూమికీ చాలా దూరమని సాకు చెప్పాడా అని స్వామి నిలదీస్తున్నారు. ప్రార్థనలో ఎత్తిపొడుపు ఉంది. ‘చనలేడో’, ‘అనినాడో’ దగ్గర గొంతులో ఆ ప్రశ్న ఉందా? అక్షరాలన్నీ అచ్చుగుద్దినట్టు పలికి, ప్రశ్న ఊసే లేకుండా పాడిన తెలుగు గొంతులున్నాయి. ఊపిరి తప్పు చోట తీసుకున్నా ఆ నిష్ఠూరం గుచ్చుకునేలా పాడిన తమిళ గొంతులున్నాయి. భావం పలికించడంలో ముసిరికి అంత పేరు ఊరికే రాలేదు. రెండూ కుదిరితే అది పండగ. బాలమురళి, ఓలేటి, నేదునూరి వంటి వాళ్ల దగ్గర ఆ పండగ తరచుగా దొరుకుతుంది.

ఇప్పుడు మెట్టు 2లో గీసిన గీత దగ్గరికి రండి. చరణం అయ్యాక ‘నీ’ మీద ఊపిరి ఆపి, ఖాళీ వదిలి, కొత్తగా ‘నగుమోము’ ఎత్తుకున్నారా? లేక ‘నీ నగుమోము’ అని కలిపేశారా? అయిదు రికార్డింగుల్లో ఈ ఒక్క అతుకే విని చూడండి. ఎవరు అర్థం తెలిసి పాడారో చాలావరకు బయటపడుతుంది.

మెట్టు 9: గురువు ఎవరో కనుక్కోండి

ఇద్దరి పాఠాంతరం ఎందుకు తేడాగా ఉందో తరచుగా వంశవృక్షం చెబుతుంది. త్యాగరాజు శిష్య పరంపరల్లో వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం పేరున్నవి. మన వైపు వచ్చిన దారి వేరు: స్వామికి నేరుగా శిష్యులైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, వారి దగ్గర బాలమురళి. నలుగురు మనుషుల దూరం, అంతే.

కానీ దీన్ని ‘ఆంధ్ర బాణీ, అరవ బాణీ’ అని గోడ కట్టేయకండి. శ్రీపాద పినాకపాణి వృత్తికి డాక్టరు. తంజావూరు బాణీని శ్రద్ధగా వంటబట్టించుకుని తెలుగునాట నాటారు. నేదునూరి, ఓలేటి ఆయన దగ్గర తయారైనవాళ్లే. వాళ్ల పాటలో తెలుగు నుడికారం ఎంత ఉందో కావేరి ఒడ్డు అంత ఉంది.

మెట్టు 10: పక్కవాద్యాలు, వాద్య రికార్డింగు

ఒక విడత మృదంగం మీదే చెవి పెట్టండి, ఒక విడత వయొలిన్ మీద. సాహిత్యం నడిచేటప్పుడు మృదంగం పాటతో నడుస్తోందా, పాట మీద నడుస్తోందా? అంతే చాలు. వాద్యం విషయంలో ఒకే పరీక్ష: పక్కన కాగితం పెట్టుకుని వింటూ పోతే మాటలు ఎక్కడ పడుతున్నాయో తెలియాలి. తెలిస్తే వాయించినవారు కృతి వాయించారు, తెలియకపోతే రాగం వాయించారు.

మెట్టు 11: పేర్లు దాచి వినండి

స్నేహితులుంటే ఈ మెట్టు తప్పనిసరి. ఒకరు రికార్డింగులను కలిపేసి, పేర్లు చెప్పకుండా చరణం ముక్కలు మాత్రమే వినిపించాలి. ప్లేటు చప్పుడుకే కొన్ని దొరికిపోతాయి, ఫరవాలేదు. రెండు నియమాలు పెట్టుకోండి. ‘గొప్ప’, ‘అద్భుతం’ వాడకూడదు. ఏం చెప్పినా ఎన్నో నిమిషం, ఎన్నో సెకను దగ్గరో చెప్పాలి. ‘అదేంటండీ, మహానుభావుల పాటకు సెకన్లా?’ అని ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. వాళ్లకు ముందు కాఫీ ఇచ్చి, తర్వాత 2:14 దగ్గర పెట్టి వినిపించండి.

పేర్లు విప్పాక మీ పాత అభిప్రాయంతో పోల్చుకోండి. అభిమాన గాయకుడు చివరికి పోయినా అభిమానం మానక్కర్లేదు. ఆయనకు ఇంకో కృతి ఉంటుంది.

తర్వాత ఏ కృతి?

కాలప్రమాణం మీద చెవి పదును పెట్టాలంటే హిందోళంలో ‘సామజవరగమన’ తీసుకోండి. అందులో ఎం.డి. రామనాథన్ రికార్డింగు తప్పక ఉండాలి. అంత విలంబంలో (నెమ్మదైన నడకలో), అంత మంద్రమైన గొంతులో ఆ పాట నిలుస్తుందని విన్నదాకా నమ్మబుద్ధి కాదు. మీరు కొలిచిన సెకన్లు మిగతా వాటి పక్కన చూసి మీరే నవ్వుకుంటారు. నెరవు కోసమైతే ఖరహరప్రియలో ‘చక్కని రాజమార్గము’. అందులో శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ కచేరీ రికార్డింగు దగ్గర మొదలుపెట్టి, ‘కంటికి సుందరతరమగు’ దగ్గర ఎవరు ఎంతసేపు నిలిచారో, ఆ మాటను ఎన్ని చోట్ల ఎత్తుకున్నారో రాసుకోండి.

పంచరత్నాలకు, అంటే ఆ పేరుతో కలిపి చెప్పే త్యాగరాజు అయిదు కృతులకు, తొందరపడొద్దు. అవి పెద్దవి, పైగా త్యాగరాజ ఆరాధనలో అందరూ గోష్ఠిగా కలిసి పాడే రూపం చెవిలో గట్టిగా పాతుకుని ఉంటుంది. గోష్ఠి రికార్డింగును గోష్ఠితోనే, ఒంటరి గొంతును ఒంటరి గొంతుతోనే పోల్చండి. మొదట ఆరభిలో ‘సాధించెనే’ తీసుకుంటే తేలిక. ఒక్కో చరణం తర్వాత ‘సమయానికి తగు మాటలాడెనే’కి ఎలా తిరిగి వస్తున్నారన్నది ఒక్కటి పట్టుకున్నా బోలెడు తేడాలు దొరుకుతాయి. వరాళిలో ‘కనకన రుచిరా’ చివరికి ఉంచుకోండి. వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందన్న నమ్మకం పాతది. అయిదింటిలో తక్కువగా వినిపించేది కూడా ఇదే. అయిదు మంచి రికార్డింగులు పోగుచేయడానికే కొన్ని నెలలు పట్టొచ్చు, కాబట్టి వెతకడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.